బంగారం ఎవరికి, దిబ్బ ఎవరికి?



ఈసారి ఒక పాత కంప్యూటరు మానిటరు గురించి రాస్తున్నాం. చరిత్ర రాసే చోట మానిటరు సంగతి ఏమిటని అనుకోకండి. దాని వెనక నూటనలభై ఏళ్ళ కథ ఉంది. అది మన తాతముత్తాతలు పనిచేసిన గనుల కథే.

రెండేళ్ళ కిందట ఉగాదికి ముందు సంఘం హాలుకు సున్నం వేయించాం. అప్పుడు వెనక గది ఖాళీ చేయాల్సి వచ్చింది. ఒకప్పుడు మన పిల్లలకు కంప్యూటరు క్లాసులు నడిపిన సామానంతా అక్కడే పడి ఉంది. వెనక పెద్ద బొజ్జ ఉండే పాత రకం మానిటర్లు పదకొండు, సిపియులు తొమ్మిది, రెండు ప్రింటర్లు, ఒక యుపిఎస్, గోనెసంచి నిండా వైర్లు. గుజరీ అంగళ్ళ వాళ్ళను ఇద్దరిని పిలిచి ధర అడిగాం. మూడో ఆయన తనంతట తనే వచ్చాడు. "మాది రీసైక్లింగ్ సార్, గవర్నమెంటు సర్టిఫికెట్ ఉంది" అని జేబులోంచి కార్డు తీసి చూపించాడు. తక్కిన ఇద్దరికంటే ఎనిమిది వందలు ఎక్కువే ఇచ్చాడు. మొత్తం 4,200 రూపాయలు. ఇద్దరు పిల్లల పుస్తకాలకు సరిపోయాయి. సర్వసభ్య సమావేశంలో లెక్క చదివినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం.

నాలుగు నెలల తర్వాత మన సభ్యుడొకరు పొద్దున నడకకు వెళ్ళి, రాజకాలువ గట్టున ఒక మానిటరు డొప్ప చూశారు. దాని మీద పసుపు రంగు పెయింటుతో మనం రాసుకున్న గుర్తు, 'తె.సం. 6' అని. అద్దం పగిలి ముక్కలై ఉంది. వెనక ఉండే రాగి చుట్ట లేదు. పక్కనే నేల నల్లగా మాడి, కాలిన వైర్ల తొడుగు బూడిద. ఆయన ఫోటో తీసి మన గుంపులో పెట్టారు. ఆ రోజు ఎవరూ ఏమీ రాయలేదు. మర్నాడు, గనుల మిల్లులో పనిచేసి రిటైరైన మన పెద్దాయన ఒకరు ఫోన్ చేసి అన్న మాట ఇది: "మా కాలంలోనూ ఇంతే కదప్పా. బంగారం లండన్‌కు పోయింది, దిబ్బ మా ఇంటి ముందర నిలిచింది."

ఆ మాట విన్నాక ఈ వ్యాసం రాయక తప్పలేదు.

ముందు ఆ దిబ్బ సంగతి చెప్పుకుందాం. కోలారు నేలలో బంగారం ఉందని ఊరివాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. 1802లో మైసూరు సరిహద్దుల సర్వేకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, మారికుప్పం, ఊరిగాం చుట్టుపక్కల జనం మట్టి కడిగి బంగారం తీయడం చూసి రాసిపెట్టాడు. ఆ రాత చదివిన మైకేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు 1871లో ఎద్దుల బండిలో కోలారు వచ్చాడు. 1875లో మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వే హక్కు తెచ్చుకున్నాడు. పెట్టుబడి మాత్రం ఆయన వల్ల కాలేదు. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ దిగాక అసలు గనులు మొదలయ్యాయి.

మన వాళ్ళు వచ్చింది అప్పుడే. చిత్తూరు వైపు నుంచి, కోలారు జిల్లా పల్లెల నుంచి తెలుగువాళ్ళు, ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి తమిళులు. 1911లో వేరే జిల్లా అయ్యేదాకా చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటులో భాగమే కాబట్టి, గని రిజిస్టర్లలో 'ఆర్కాటు మనిషి' అని రాసినవాళ్ళలో మన వాళ్ళెందరో విడదీసి చెప్పడం కష్టం. 1902లో శివనసముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్ల తీగ లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధాని కంటే ముందు గనికి వెలుగు వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. అంత లోతున రాయి చేతికి వేడిగా తగులుతుందని మన ఇళ్ళలో పెద్దలు చెప్పగా వినని పిల్లలు లేరు.

పైకి తెచ్చిన రాయిని ఏం చేసేవారో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. స్టాంపు మిల్లులో దంచి పిండి చేసేవారు. ఆ పిండిని నీళ్ళతో కలిపి, పాదరసం పూసిన రాగి పలకల మీద పారించేవారు. బంగారం పాదరసానికి అంటుకునేది. అయినా కొంత బంగారం పిండిలోనే మిగిలిపోయేది. 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు సైనైడు నీళ్ళతో బంగారాన్ని కరిగించి లాగే పద్ధతికి పేటెంటు పొందారు. ఆ పద్ధతి కోలారుకూ వచ్చింది. సైనైడు తన పని చేశాక మిగిలిన పిండిని గట్టున పోశారు. ఏడాది తర్వాత ఏడాది పోస్తూనే పోయారు. ఆ గుట్టలనే మనం సైనైడు దిబ్బలంటాం. సినిమా షూటింగులకు వచ్చినవాళ్ళకు అవి తెల్లని ఎడారిలా కనిపిస్తాయి. గాలికాలంలో ఆ పిండి వంటపాత్రల్లో, పరుపుల మీద, పసిపిల్లల ఊపిరిలో పడుతుందని అక్కడ కాపురం చేసినవాళ్ళకే తెలుసు.

1956లో మైసూరు రాష్ట్రం గనులను తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. మొదట్లో టన్ను రాయికి పదుల గ్రాముల బంగారం పడేది. చివరికొచ్చేసరికి మూడు గ్రాములు కూడా కష్టమైంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నూటఇరవై ఏళ్ళలో తీసిన బంగారం రమారమి 800 టన్నులు. మిగిలింది 13 దిబ్బలు, వాటిలో సుమారు 3.3 కోట్ల టన్నుల పిండి. బంగారం తీసుకుపోయిన కంపెనీ ఆ దిబ్బల ఖర్చు తన లెక్కల పుస్తకంలో రాసుకోలేదు. రాసుకోవాలని ఆ కాలంలో ఏ చట్టమూ అడగలేదు. ఖర్చయితే అయింది. దగ్గు మందుల రూపంలో, సిలికోసిస్ రూపంలో మన ఇళ్ళలో అయింది. 2024లో ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం కోసం వాటిని వేలం వేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. దిబ్బకు కూడా ధర ఉందని తేలడానికి వందేళ్ళు పట్టింది.

గనులు మూతపడ్డాక మనలో చాలామంది మారికుప్పం నుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనులకు వచ్చినవాళ్ళమే. వేల మంది ఇప్పటికీ అలాగే వస్తున్నారు. తర్వాత కొందరం ఇక్కడే స్థిరపడ్డాం. తాత గనిలో, నాన్న మిల్లులో, కొడుకు కంప్యూటరు ముందు. బంగారం వదిలి వచ్చామనుకున్నాం కానీ అది మన వెంటే వచ్చింది. ఎందుకంటే ఆ కంప్యూటరు లోపల కూడా బంగారమే ఉంది.

బంగారం తుప్పు పట్టదు, కరెంటును బాగా పోనిస్తుంది. అందుకే సర్క్యూట్ బోర్డుల అంచులకు, చిప్పుల కాళ్ళకు దాని పూత వేస్తారు. బ్యాటరీలు తీసేసిన ఒక టన్ను పాత మొబైళ్ళలో సుమారు 300 గ్రాముల బంగారం ఉంటుందని లెక్క. మన గని చివరి రోజుల్లో టన్ను రాయికి దొరికిన దానికి ఇది నూరు రెట్లు. 1980లలో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో నంజో అనే ఆచార్యుడు దీనికి 'నగరంలోని గని' అని పేరు పెట్టాడు. అది వట్టి మాట కాదని ఆ దేశం చేసి చూపించింది. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం 2017 నుంచి 2019 వరకు జనం దగ్గర పాత సామాను సేకరించారు. దాదాపు 79 వేల టన్నుల చిన్న పరికరాలు, అరవై లక్షలకు పైగా మొబైళ్ళు వచ్చాయి. వాటి నుంచి 32 కిలోల బంగారం తీసి, పతకాలన్నీ ఆ లోహాలతోనే చేశారు.

మన నగరంలోనూ ఈ గని తవ్వారు. ఎలా తవ్వారన్నదే ప్రశ్న. బెంగళూరులో ఐటీ కంపెనీలు పెరిగే కొద్దీ పాత కంప్యూటర్లు గుట్టలయ్యాయి. నాయండహళ్ళి, గౌరిపాళ్య వంటి చోట్ల చిన్న చిన్న షెడ్లలో, ఇళ్ళ పెరళ్ళలో వాటిని విప్పేవారు. వైర్లు కాలిస్తే రాగి మిగులుతుంది. బోర్డును మంట మీద పెడితే సీసం టంకం కరిగి చిప్పులు ఊడి వస్తాయి. బంగారు పూత ఉన్న ముక్కలను ద్రవరాజం అని మనం బడిలో చదువుకున్న ఆమ్లాల మిశ్రమంలో ముంచుతారు. కొన్నిచోట్ల పాదరసం, సైనైడు కూడా. మన పెద్దాయన మిల్లులో చూసిన రసాయనాలే ఇవి. అక్కడ కనీసం పక్కన ఒక ఆసుపత్రి ఉండేది. ఇక్కడ చేతికి తొడుగు కూడా లేదు. మిగిలిన ఆమ్లం మోరీలోకి పోతుంది. 2009లో జపాన్, భారత శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన ఒక అధ్యయనం బెంగళూరులోని ఇలాంటి పెరటి షెడ్ల మట్టిలో సీసం, కాడ్మియం, యాంటిమొనీ వంటి లోహాలు ఎక్కువగా ఉన్నాయని చూపింది. పనివాళ్ళ వెంట్రుకల్లో కూడా కొన్ని లోహాలు కనిపించాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గుజరీ వాళ్ళు మనకు శత్రువులు కారు. ఇంటింటికీ తిరిగి పాత సామాను సేకరించే నేర్పు వాళ్ళది. ఎస్.పి. రోడ్డులో పాత భాగాలతో చచ్చిన కంప్యూటరును బతికించే చేతులు ఈ ఊరికి చేసిన మేలు ఎంతో ఉంది. బాగుచేసి మళ్ళీ వాడటాన్ని మించిన రీసైక్లింగ్ లేదు. తప్పు వాళ్ళ దగ్గర మొదలవలేదు. వస్తువు తయారుచేసి లాభం తీసుకున్నవాడు, అది చచ్చాక ఏం చేయాలో పట్టించుకోకపోవడంలో మొదలైంది. జాన్ టేలర్ కంపెనీ లెక్కల పుస్తకంలో లేని పద్దు ఇదే.

ఆ పద్దును లెక్కలోకి తెచ్చే ఆలోచన 1990లో స్వీడన్‌లో పుట్టింది. లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ ఆ దేశ పర్యావరణ శాఖకు ఇచ్చిన నివేదికలో, వస్తువు అమ్మినవాడి బాధ్యత అమ్మకంతో తీరదు, దాని ఆయుష్షు ముగిశాక వెనక్కి తీసుకుని సురక్షితంగా విడదీసే ఖర్చు కూడా వాడిదే అన్నాడు. దీన్నే ఉత్పత్తిదారు విస్తృత బాధ్యత అంటున్నారు, వాడుకలో ఈపీఆర్. ఈ ఆలోచనలో ఒక తెలివి ఉంది. చివరి ఖర్చు తనదేనని తెలిస్తే కంపెనీ మొదటే వస్తువును సులువుగా విప్పేలా, విషం తక్కువగా చేస్తుంది. 2003లో ఐరోపా కూటమి దీన్ని ఎలక్ట్రానిక్ వస్తువులకు చట్టంగా అమల్లోకి తెచ్చింది.

మన దేశంలో ఈ కథ మన ఊరి పక్కనే మొదలైందని చాలామందికి తెలియదు. 2005లో బెంగళూరుకు దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలోని దాబస్‌పేటలో పి. పార్థసారథి స్థాపించిన ఈ-పరిసర, దేశంలో ప్రభుత్వ అనుమతి పొందిన మొదటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల రీసైక్లింగ్ సంస్థ. చట్టం ఇంకా రాలేదు, పని ముందు వచ్చింది. 2011లో నిబంధనలు ప్రకటించారు, 2012 మే 1 నుంచి అమలు. ఉత్పత్తిదారు బాధ్యత అన్న మాట అందులో మొదటిసారి వచ్చింది. కానీ ఎంత వెనక్కి తీసుకోవాలో అంకె లేదు. అంకె లేని బాధ్యత కాగితం మీదే ఉండిపోయింది. 2016 నిబంధనలు లక్ష్యాలు పెట్టాయి. కంపెనీలు కష్టమన్నాక 2018లో వాటిని తగ్గించి, మొదటి ఏడాదికి 10 శాతంతో మొదలుపెట్టి ఏటేటా పెంచుకుంటూ పోయేలా మార్చారు.

ఇప్పుడున్నవి 2022 నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. 106 రకాల వస్తువులు వీటి కిందికి వస్తాయి. పద్ధతి ఇలా ఉంటుంది. ఒక కంపెనీ కొన్నేళ్ళ కిందట అమ్మిన సరుకు ఈ ఏడాది ఆయుష్షు తీరిందనుకుంటే, అందులో ఇంత శాతం రీసైకిల్ చేయించాలి. మొదటి రెండేళ్ళు 60 శాతం, తర్వాతి రెండేళ్ళు 70, 2027-28 నుంచి 80. రిజిస్టరైన రీసైక్లరు తాను తీసిన బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము బరువును బట్టి పత్రాలు పొందుతాడు. కంపెనీ ఆ పత్రాలు కొని తన లక్ష్యం తీరిందని చూపిస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో ఇదంతా నడుస్తుంది. లక్ష్యం తప్పితే పర్యావరణ పరిహారం కట్టాలి. ఈ పనిలో ఉన్న కార్మికులను గుర్తించి, నైపుణ్యం నేర్పించి, పారిశ్రామిక వాడల్లో చోటు చూపించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వాల మీద పెట్టారు. ఆ ఒక్క మాట నిజంగా అమలైతే పెరటి షెడ్డులోని మనిషి సురక్షితమైన కప్పు కిందికి వస్తాడు.

చదవడానికి అంతా బాగుంది. అయితే పత్రం కొనడం వేరు, పని జరగడం వేరు. ప్లాస్టిక్ వ్యర్థాలకు ఇలాంటి పత్రాలే ఉన్నాయి. 2023లో తనిఖీ చేస్తే నాలుగు సంస్థలు కలిసి ఆరు లక్షలకు పైగా నకిలీ పత్రాలు సృష్టించాయని కేంద్ర మండలే తేల్చింది. చవగ్గా పత్రం దొరికితే ఎవరూ ఖరీదైన యంత్రం పెట్టరు. అందుకే ప్రభుత్వం ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు కనీస ధర పెట్టింది, గృహోపకరణాల వంటి వాటికి కిలోకు 22 రూపాయలు. ఇది తమకు భారమని శాంసంగ్, ఎల్‌జీ, డైకిన్ వంటి కంపెనీలు 2025లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. న్యాయం ఎటుందో కోర్టు చెబుతుంది. మనం గమనించాల్సింది ఒకటే. దిబ్బకు ధర ఎంత, అది ఎవరు కట్టాలి అన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్ళింది. మన తాతల తరఫున ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

ప్రపంచం మొత్తం మీద 2022లో పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కల్లో ఉన్నది నాలుగో వంతు కూడా లేదు. తక్కినదంతా అల్మారాల్లో, అటకల మీద, కాలువ గట్ల మీద ఉంది. మన 'తె.సం. 6' కూడా ఆ లెక్కలో ఒకటి. ఆ పాత రంగుల ట్యూబు అద్దంలో కిలోకు అటూఇటూగా సీసం ఉంటుంది. రాగి చుట్టకు ధర ఉంది కనుక తీసుకుపోయారు. సీసం అద్దానికి ధర లేదు కనుక కాలువకు వదిలారు. మనం కార్డు చూశాం కానీ కార్డు మీది పేరు పోర్టల్‌లో ఉందో లేదో చూడలేదు. ఎనిమిది వందలు ఎక్కువ ఎందుకు ఇస్తున్నాడని అడగలేదు. శుద్ధి ఖర్చు లేనివాడే ఎక్కువ ఇవ్వగలడు. ఆ ఎనిమిది వందలు కాలువ గట్టు కట్టింది, మనకిచ్చి చప్పట్లు కొట్టించింది.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాం. ఏడాదికి రెండుసార్లు, ఉగాదికి ముందు ఒకసారి, దీపావళికి ముందు ఒకసారి, సభ్యుల ఇళ్ళ నుంచి పాత ఎలక్ట్రానిక్ సామాను హాలులో సేకరిద్దాం. బాగయ్యేవి ముందు వేరు చేసి బాగు చేయిద్దాం. తక్కినవి పోర్టల్‌లో పేరున్న రీసైక్లరుకే ఇద్దాం. తూకం చీటీ, రసీదు తీసుకుని బోర్డు మీద అంటిద్దాం. సెల్లు, ఇన్వర్టరు బ్యాటరీలను వేరే డబ్బాలో ఉంచుదాం, వాటికి వేరే నిబంధనలున్నాయి. ట్యూబులైట్లు పగలకుండా అట్టపెట్టెలో పెడదాం. ఫోన్లు, కంప్యూటర్లలోని ఫోటోలు, బ్యాంకు వివరాలు ముందే చెరిపేద్దాం. కొత్త టీవీ, ఫ్రిజ్ కొనేటప్పుడు పాతది ఎవరు తీసుకుంటారు, ఎక్కడికి పంపుతారు అని అంగడిలో అడుగుదాం. చట్టం ఉత్పత్తిదారు మీద ఆ బాధ్యత పెట్టింది. కొన్నవాడు అడగకపోతే అది నిద్రపోతుంది.

మన కోశాధికారి గారు ఇప్పటికే అడిగారు, ఇలా చేస్తే డబ్బు తక్కువ వస్తుంది కదా, పిల్లల పుస్తకాల నిధి సంగతి ఏమిటని. న్యాయమైన ప్రశ్న. తక్కువే వస్తుంది, ఒక్కోసారి రాకపోవచ్చు కూడా. ఆ లోటు చందాగా వేసుకుందాం, మనిషికి ఏడాదికి యాభై రూపాయలు కూడా కాదు. ఇంకొకరి పిల్లల నీళ్ళలో సీసం కలిపి మన పిల్లలకు పుస్తకాలు కొనడం మాత్రం వద్దు. దిబ్బ పక్కన పెరిగిన మనం ఆ పని చేయకూడదు.

ఆ మానిటరు డొప్పను సభ్యులిద్దరు వెళ్ళి తెచ్చారు. అద్దం ముక్కలను అట్టపెట్టెలో మూట కట్టి విడిగా ఉంచాం, రీసైక్లరుకు పంపడానికి. 'తె.సం. 6' అని రాసి ఉన్న ముందు చట్రం మాత్రం హాలు గోడకు తగిలించాం, మిల్లు పెద్దాయన ఇచ్చిన గనుల ఫోటో పక్కనే. సమావేశానికి వచ్చినప్పుడు చూడండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో పనిచేయని చార్జరు ఒకటైనా చేతిలో పట్టుకుని రండి.